సమస్య: బలము గలుగువాడె భయపడవలె

నిర్వాహకుడు:
ఈసారి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను. సందర్భం పోకర్ పేకాట, అందులోనూ టెక్సాస్ హోల్డెమ్, అంటే చేతిలో రెండేసి ముక్కలు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు. చేతిలో పెద్ద జత పడింది, ఎదురుగా ఉన్నవాడు మాత్రం ముక్కలతో పనిలేకుండా పందెం పెంచుకుంటూ పోయే రకం. తాత్పర్యం రాయక్కర్లేదు. కానీ ఆట తప్పితే ఊరుకోను, అది యతి తప్పినంత నేరం.

చెక్‌రైజు:
ఆసులున్న గాని హడలిపోయినయట్లు
చెక్కు చెక్కటంచు చేయి నిలిపి
యెదుటివాడె పెంచి యెగదోయఁ బందెముల్
బలము గలుగువాడె భయపడవలె

నిర్వాహకుడు:
నడక బాగుంది, ఆ–హ యతి చక్కగా కుదిరింది. చెక్కంటే పందెం కాయకుండా వదలడం. ఆట కూడా సరైనదే, ఎందుకంటే దూకుడు మనిషి చేతిలో ఏమీ లేని సార్లే ఎక్కువ, మనం తిరిగి పెంచామంటే ఆ ఉత్త చేతులన్నీ పారేసి తప్పుకుంటాడు, అదే ఊరికే కాల్ చేస్తూ (వాడి పందేనికి సరిసమానంగా పెడుతూ) కూర్చుంటే టర్న్‌లో (నాలుగో ఉమ్మడి ముక్క) ఒకటి, రివర్‌లో (ఐదోది) ఇంకొకటి బ్లఫ్ కొట్టి, అంటే చేయి ఉన్నట్టు నటించి, పాట్ (పందేల కుప్ప) తనే నింపిపెడతాడు. నా అభ్యంతరం ఒక్కటే, ఫ్లాప్ (బల్ల మీద మొదట పరిచే మూడు ముక్కలు) ఏమిటో పద్యంలో లేదు. రాజు, ఏడు, రెండు ముక్కలు తలో రంగులో పడితే ఈ నటన చెల్లుతుంది. వరుస ముక్కలు, అందులో రెండు ఒకే రంగువి పడితే చెల్లదు.

గుడ్డిపందెం:
రాజులిద్దరనుచు రాగాలు తీయగా
ఫ్లాపులోన నాసు పడగ విప్పఁ
జేత నాసు గలదొ చెప్పలేరెవ్వరున్
బలము గలుగువాడె భయపడవలె

యతిగాడు:
"పడగ విప్ప" భలే పడింది! అయితే లెక్క చూడండి. రాజుల జతతో ఉన్నప్పుడు ఫ్లాప్‌లో కనీసం ఒక ఆసు పడేది 100కి 22, 23 సార్లు. రాణుల జతకి పైముక్క (ఆసో రాజో) పడే అవకాశం 41 శాతం, జాకీల జతకైతే 57. రాజులకే ఇలా వణికితే జాకీలు వచ్చిన రోజు ఏం చేస్తారు? పైగా ఆసు పడిందంటే చాలు, దూకుడువాడు తన దగ్గర ఉన్నా లేకపోయినా పందెం కాస్తాడు, మన టెన్షన్ వాడికి తెలుసు మరి.

గుడ్డిపందెం:
పారేయమని ఎక్కడన్నానండీ, భయపడమన్నాను అంతే. భయపడుతూనే కాల్ చేయొచ్చు. ఫ్లాప్, టర్న్, రివర్ మూడింట్లోనూ పెద్ద పందెమే కాశాడనుకోండి, అప్పుడు పారేసే సంగతి ఆలోచిద్దాం.

నిర్వాహకుడు:
ఒప్పుకుంటున్నా. కాకపోతే మూడో పాదంలో ఎవరి చేతో తెలియడం లేదు. "వానికాసు గలదొ పట్టలేరెవ్వరున్" అంటే ఆ చిక్కు తీరుతుంది, వా–ప యతీ చెల్లుతుంది.

కలర్‌ముక్క:
తొమ్మిది పది జాకి తోడుగా నున్నచో
రాణి జంట చూసి గంతులేల
వరుస చేతనుంచి వాడు పెంచుచునుండ
బలము గలుగువాడె భయపడవలె

యతిగాడు:
అన్నా, రెండో పాదంలో రా–గం ఏ రకంగానూ యతి కాదు. "రాణి జంట కేల రంకెలిపుడు" అంటే సరిపోతుంది. కానీ అసలు చిక్కు ఆటలో ఉంది. బల్ల మీద తొమ్మిది, పది, జాకి పరిచి ఉంటే రాణి చేతిలో ఉన్నవాడికి ఎనిమిది పడినా రాజు పడినా స్ట్రెయిట్ (ఐదు వరుస ముక్కలు) వచ్చేస్తుంది, అంటే కలిసొచ్చే ముక్కలు ఎనిమిది. వాడు మరీ అంత భయపడక్కర్లేదు. ఈ బోర్డు మీద నిజంగా వణకాల్సింది ఆసుల జతవాడు. "ఆసు జంట కేల యంత పొగరు" అని మార్చండి, యతీ ఆటా రెండూ నిలబడతాయి.

కలర్‌ముక్క:
ఆసుల్ని చెక్‌రైజు గారు ముందే వాడేశారు కదా. నా రాణులు నాకుండనీ, రంకెలు మాత్రం తీసుకుంటా.

రాత్రిబండి:
నలుగురాటలోన నవ్వుచు నిలువగాఁ
దిరిగి పెంచకున్న తెలివి యేది?
ఒకడె మిగులునట్టు లొత్తిడి లేనిచో
బలము గలుగువాడె భయపడవలె

నిర్వాహకుడు:
ఇది మొదటి పూరణకి జవాబులా ఉంది. ఏవో ముక్కలతో ఒక్కడే ఎదురుంటే ఆసుల జత 85 శాతం గెలుస్తుంది, నలుగురు చివరిదాకా నిలబడితే అది దాదాపు 56కి పడిపోతుంది. కాబట్టి దూకుడువాడు పెంచి, వెనక ముగ్గురు కాల్ చేశాక కూడా వణుకు నటిస్తూ కూర్చోవడం తెలివితక్కువ పని. నటన ఫ్లాప్ తర్వాత, అదీ ఒక్కడే మిగిలితే. చెక్‌రైజు గారూ, మీ పద్యంలో "యెదుటివాడె" అని ఏకవచనం పెట్టి తప్పించుకున్నారు.

యతిగాడు:
లొ–ఒ స్వరయతి బాగా పట్టారు. అంతా బాగానే ఉంది గానీ ఎంత పెంచాలో చెప్పలేదే?

రాత్రిబండి:
వాడు పెట్టినదానికి సుమారు మూడింతలు, మధ్యలో కాల్ చేసిన ఒక్కొక్కరికీ ఇంకో అంత కలిపి. ఆటవెలదిలో పట్టలేదండీ, సీసం అడిగి ఉంటే పట్టించేవాణ్ని.