కటి వాలు, నడుము డిస్కు: తిరుపతి, చిత్తూరు వైపు అనుభవమున్నవారు చెప్పగలరు

మురకంబట్టు వాసి:
నడుములోని నాలుగో, ఐదో పూసల (ఎల్4-ఎల్5) మధ్య డిస్కు ఉబ్బి ఎడమ కాలి నరాన్ని ఒత్తుతోందని నా ఎమ్మారైలో తేలింది. సరిగ్గా అదే చోట ఉబ్బు ఉన్న మా బావగారు పొలం పనులన్నీ చేసుకుంటున్నారు. నేను బ్యాంకు కుర్చీలో అరగంట కూర్చోలేకపోతున్నాను. నాకు కటి (తుంటి ఎముకల గూడు) వెనక్కి వాలి ఉందని, నడుము వంపు తక్కువని వైద్యులు చెప్పారు. దానికీ డిస్కుకూ సంబంధం ఏమిటి? ఊళ్లో ఒకాయన కటిని ఒక్కసారిగా సరిచేస్తానంటున్నారు, నమ్మవచ్చునా?

తిరుచానూరు ఫిజియో:
కటి విషయంలో మారనిది ఒకటుంది, మారేది ఒకటుంది. నడుము పూసల కింద, కటి వెనుక భాగంలో ఉండే త్రికోణపు ఎముక త్రికాస్థి. దాని పైతలానికీ తుంటి కీళ్లకూ మధ్య అమరికను కొలిచే కోణాన్ని పెల్విక్ ఇన్సిడెన్స్ అంటారు. ఎదుగుదల పూర్తయ్యాక అది దాదాపు స్థిరం. సగటున 50 డిగ్రీలకు కాస్త పైన ఉంటుంది కానీ, 35 ఉన్నవారూ 75 ఉన్నవారూ ఆరోగ్యంగా తిరుగుతూనే ఉంటారు. మనం నిలబడినప్పుడు త్రికాస్థి ఏటవాలు, కటి వెనక్కి వాలిన కోణం, ఈ రెండూ కలిస్తే ఆ మొత్తం వస్తుంది. అందువల్ల కటి వెనక్కి వాలినకొద్దీ త్రికాస్థి నిటారవుతుంది, నడుము చదునవుతుంది, బరువు పూసల వెనుక ఉండే చిన్న కీళ్లను వదిలి ముందున్న డిస్కులపైకి చేరుతుంది. ఫ్రాన్సులో వెన్నెముక శస్త్రవైద్యుడు రుసూలీ బృందం 2005లో నడుము వంపులను నాలుగు రకాలుగా విభజించింది. చదునైన రకంలో డిస్కు జబ్బు, వంపు ఎక్కువైన రకంలో వెనుక కీళ్ల అరుగుదల, పూస జారడం తరచుగా కనిపిస్తాయి.

అయితే నొప్పి కూడా కండరాలను బిగించి నడుమును చదును చేస్తుంది. కాబట్టి చదునుదనం కారణమో ఫలితమో ఒక్క ఫిల్ముతో తేల్చలేము. ఎదుగుదలతో స్థిరపడిన పెల్విక్ ఇన్సిడెన్స్ కోణాన్ని ఎవరి చేతులూ మార్చలేవు.

శ్రీకాళహస్తి కలంకారి:
మా పనిలో బాసింపట్టు వేసుకుని గుడ్డపైకి వంగి గంటల తరబడి కలం నడపాలి. నేలపై అలా కూర్చుంటే కటి వెనక్కి దొర్లి నడుము గుండ్రంగా అవుతుందని ఫిజియోథెరపిస్టు చూపించేవరకు నాకు తోచలేదు. పిరుదుల కింద పీట వేసుకుని, గుడ్డను ఎత్తైన బల్లపైకి మార్చిన తరువాత సాయంత్రపు లాగుడు బాగా తగ్గింది. పూర్తిగా పోయిందని మాత్రం చెప్పను.

రేణిగుంట రైలు:
అలిపిరి మెట్లు 3,550 కదా, డిస్కు ఉన్నవారు ఎక్కవచ్చునా? ఎక్కేటప్పుడు నాకు ఏమీ ఉండదు, మరునాడు ముందుకు వంగి చెప్పులు వేసుకోలేను.

తిరుచానూరు ఫిజియో:
మీ తొడ వెనుక కండరాలు బిగుసుకుని ఉన్నాయేమో చూపించుకోండి. అవి బిగిస్తే వంగేటప్పుడు కటి ముందుకు తిరగదు. ఆ లోటును నడుము పూసలు తీర్చవలసి వస్తుంది. మెట్ల సంగతి కాలిలోకి నొప్పి దిగుతున్నదా లేదా అన్నదానిపై ఆధారపడుతుంది. దిగుతుంటే ఈసారికి బస్సులో వెళ్లడమే నయం. మలమూత్రాలపై అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, పాదం పైకి లేవకపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

మురకంబట్టు వాసి:
ఎమ్మారైలో ఈ కోణాలు తెలియవా? మళ్లీ ఎక్స్‌రే ఎందుకని ఇంట్లో అడుగుతున్నారు.

తిరుచానూరు ఫిజియో:
ఎమ్మారై సాధారణంగా పడుకోబెట్టి తీస్తారు. డిస్కు, నరం అందులో స్పష్టంగా కనిపిస్తాయి కానీ, మీ బరువు మీపై పడినప్పుడు కటి ఎలా వాలుతుందో కనిపించదు. వైద్యులు అవసరమంటే నిలబడి, పక్క నుంచి ఎక్స్‌రే తీయించుకోండి. రెండు తుంటి కీళ్ల గుండ్లూ ఫిల్ములో పడాలని ముందే చెప్పండి. అవి లేకపోతే కోణం కొలవడానికి ఆధారమే ఉండదు. తీసేటప్పుడు మోకాళ్లు వంచకుండా, చేతులు మడిచి పిడికిళ్లు కాలర్ ఎముకల దగ్గర ఆనించి నిలబడండి.