అప్‌డేట్: క్రీట్ తిండి వచ్చింది, మధ్యాహ్నం కునుకు రాలేదు

గ్రీస్‌లోని క్రీట్ దీవి చూసొచ్చాక, అక్కడి తిండీ ఆ తీరికా ఇంట్లో నిలబెట్టుకోవడం ఎలాగని అడిగాను కదా. "చేపల సంగతి తర్వాత, ముందు లదేరా నేర్చుకోండి" అన్నవారికి దండం! అదే పనిచేసింది.

కూరగాయల్ని ఆలివ్ నూనెలో మగ్గించే వంటలివి. బీన్స్, ఉల్లిపాయ, టమాటా గిన్నెలో వేసి, చూస్తే గుండె ఝల్లుమనేంత నూనె పోసి, మూతపెట్టి సన్న సెగన వదిలేస్తాను. నీరంతా ఇగిరి నూనె తేలాక దించడమే. పొగలు కక్కుతుండగా తింటే ఏమీ తెలీదు, గోరువెచ్చగా అయ్యాకే రుచి. అడుగున మిగిలిన నూనెని బ్రెడ్‌తో తుడుచుకోవడం కోసం మా ఇంట్లో పోటీ. ఎక్స్‌ట్రా వర్జిన్ (శుద్ధి చేయని మేలురకం ఆలివ్ నూనె) వేడిచేయొద్దని ఒకరన్నారు గానీ, గ్రీకులు దాంతోనే వండుతారు. నేనూ అంతే.

మాంసం తగ్గింది, శనగలు, చిక్కుడు గింజలు పెరిగాయి.

తీరిక మాత్రం సగమే. ఉద్యోగంతో పగటి నిద్ర కుదిరే పని కాదు. రాత్రి భోజనం అయితే అందరం కలిసే, ఫోన్లు పక్కగదిలో. క్రీట్ తిండి కూడా మధ్యధరా ఆహార సంప్రదాయంలోదే; 2010లో యునెస్కో ఆ సంప్రదాయాన్ని వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు కలిసి తినడాన్నీ అందులో భాగంగానే చూసింది మరి.

వైన్ సలహా ఇచ్చినవారికి: ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు, అది వదిలేశాం.