బిల్లీ హాలిడే చివరి రోజుల రికార్డులను గొప్పవి అనొచ్చా?

పాతరికార్డు:
1958లో వచ్చిన ‘లేడీ ఇన్ శాటిన్’ ఆల్బమ్ అమెరికన్ జాజ్ గాయని బిల్లీ హాలిడే పాటకి శిఖరం అని చాలామంది అంటారు. నాకది మింగుడు పడదు. 1935లో టెడ్డీ విల్సన్ పియానో పక్కన పాడిన ఇరవయ్యేళ్ళ గొంతు ఎక్కడ, ఇదెక్కడ? గొంతు బొంగురుపోయింది, పొడుగు స్వరం నిలవడం లేదు. పాట పేరు చెప్పి ఒక మనిషి కష్టాన్ని వింటున్నాం. దానికి చప్పట్లు కొట్టడం నాకు ఇబ్బందిగా ఉంటుంది.

తీరికశ్రోత:
నాదీ అదే అనుమానం. ఆ ఆల్బమ్‌కి ఆర్కెస్ట్రా కూర్చిన రే ఎల్లిస్‌కే టేకులు విన్నప్పుడు ఆవిడ పాడిన తీరు నచ్చలేదు. కొన్ని వారాలయ్యాక ఫైనల్ మిక్స్ విని మనసు మార్చుకున్నానని ఆయనే చెప్పారు. మార్చింది సంగీతమా, జాలా?

వెనకబీట్:
పాతరికార్డు గారూ, గొంతు పాడైన మాట నిజం. కానీ ఆవిడ గొప్పతనం ఎప్పుడైనా గొంతు బలంలో ఉందా? మంచి వయసులో కూడా ఆ గొంతు పరిధి ఒక స్థాయికి (స నుంచి పై స దాకా) కాస్త ఎక్కువ, అంతే.

చిన్నప్పుడు బాల్టిమోర్‌లో గ్రామఫోన్ మీద ఆవిడ విన్నది బ్లూస్ (నల్లజాతి అమెరికన్ల బాధల పాటలు) పాడే బెస్సీ స్మిత్‌నీ, జాజ్ ట్రంపెట్ వాయించే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌నీ. బెస్సీ నిండు గొంతు, ఆర్మ్‌స్ట్రాంగ్ భావం రెండూ తనకి కావాలనుకున్నారు. నా చెవికి ఆవిడలో ఎక్కువగా వినపడేది ఆర్మ్‌స్ట్రాంగే. ఆయన ట్రంపెట్ ఊదినట్టు ఆవిడ పాడారు. ఎగుడుదిగుడుగా రాసిన వరసని రెండు మూడు స్వరాల మీదకి దించేయడం, బీట్ దాటిపోయాక తాపీగా మాట అందుకోవడం, చరణం ముగిసేలోపు మళ్ళీ తాళంలో కలిసిపోవడం. 1937 రికార్డుల్లో లెస్టర్ యంగ్ శాక్సఫోన్‌ని ఆవిడ గొంతు పక్కన పెట్టి వినండి. ఇద్దరూ ఒకే ఊపిరి పంచుకున్నట్టుంటారు.

ఆ విద్య 1958లోనూ చెక్కుచెదరలేదు. పొడుగు స్వరం నిలవదని ఆవిడకి తెలుసు. అందుకే దాన్ని సగంలో వదిలేసి, తర్వాతి మాటని ఇంకా ఆలస్యం చేస్తారు. ఆ ఖాళీలో మన ఊపిరి ఆగుతుంది. ఇంత లెక్క ఉన్న పాట మీద నాకు జాలి ఎలా కలుగుతుంది?

కష్టాలే ఆవిడని గొప్ప గాయనిని చేశాయి అనేవాళ్ళని చూస్తే మాత్రం నాకూ ఒళ్ళు మండుతుంది. 1947లో డ్రగ్స్ కేసులో జైలుకి పంపారు. ఆ తర్వాత న్యూయార్క్‌లో మద్యం అమ్మే క్లబ్బుల్లో పాడటానికి కావలసిన కార్డు ఇవ్వలేదు. 1948 మార్చిలో కార్నెగీ హాల్ కిక్కిరిసిపోయింది, కానీ రోజూ రాత్రి పాడుకునే చోటు పోయింది. ఆ నగరం ఆవిడ నుంచి, మన నుంచి ఎన్ని పాటలు లాక్కుందో!

పాతరికార్డు:
లయ సంగతి ఒప్పుకుంటున్నాను. అయితే 1957 డిసెంబర్‌లో సీబీఎస్ టీవీలో ఆవిడ పాడిన బ్లూస్ చూడండి. వెనక చిన్న బృందం. లెస్టర్ యంగ్ లేచి ఒక్క చుట్టు వాయిస్తుంటే ఆయన్నే చూస్తూ తలూపుతారు. అక్కడ గొంతు అలిసినా పాట బతికే ఉంది. రెండు నెలలు తిరిగేసరికి అన్ని వయొలిన్ల మధ్య నిలబెట్టారు. నా ఫిర్యాదు బహుశా ఆ ఆర్కెస్ట్రా మీదేమో.

వెనకబీట్:
ఆ టీవీ పాట నాకూ ప్రాణం. కానీ వయొలిన్లు ఎవరో ఆవిడ నెత్తిన రుద్దినవి కావు. రే ఎల్లిస్ కావాలని అడిగింది ఆవిడే. 1944లో డెక్కా రికార్డు కంపెనీకి పాడేటప్పుడు కూడా వయొలిన్లు పెట్టమని అక్కడి నిర్మాత మిల్ట్ గేబ్లర్‌ని బతిమాలారు. పైగా అవి నునుపుగా, ఒకే నడకలో సాగుతాయి కాబట్టే ఆవిడ ఎంత వెనక్కి జరిగి మాట అంటున్నారో బాగా తెలుస్తుంది. ఈసారి మొదటి పాటలో వయొలిన్లతో పాటు కాలితో తాళం వేస్తూ వినండి. ఆవిడ మాట మీ కాలి మీద ఎన్నిసార్లు పడుతుందో చూసి, ఇక్కడే రాయండి.