వాటర్ క్యాన్ల సేల్స్: నాలుగు నెలల లెక్కతో ఆగస్టు చెప్పొచ్చా?

గుంటూరు వాటర్‌ప్లాంట్:
అందరికీ నమస్తే అండీ. బ్రాడీపేటలో 20 లీటర్ల క్యాన్లు వేస్తుంటాం. రోజుకి సగటున జనవరిలో 110, ఫిబ్రవరిలో 128, మార్చిలో 151, ఏప్రిల్లో 171 పోయాయి. మా తమ్ముడు ఎక్సెల్లో ఫోర్‌కాస్ట్ ఫంక్షన్ పెడితే మేకి 191, ఆగస్టుకి 253 వచ్చింది, అది చూసి వంద కొత్త క్యాన్లు అప్పుచేసి కొందామంటున్నాడు. నాకు భయంగా ఉంది, దీన్ని నమ్మొచ్చా?

బెజవాడ లెక్కల మేష్టారు:
మీ తమ్ముడు లెక్క తప్పు చెయ్యలేదండీ. ఆ ఫంక్షన్ ఈ నాలుగు అంకెలకీ వీలైనంత దగ్గరగా పోయేలా ఒక తిన్నని గీత గీసి, దాన్నే ముందు నెలలకి పొడిగిస్తుంది. జనవరిని 1, ఏప్రిల్‌ని 4 అనుకుంటే నెలల సగటు 2.5, క్యాన్ల సగటు 140, గీత కచ్చితంగా ఆ బిందువు మీంచే పోతుంది. స్లోప్ 20.6, అంటే నెలకి దాదాపు ఇరవై క్యాన్లు పెరుగుతున్నాయి. మే 5వ నెల కాబట్టి 140 + 20.6 × 2.5 = 191.5.
కానీ ఆ గీతకి ఎండాకాలం అంటే ఏంటో తెలీదు కదా! జూన్‌లో వానలు పడ్డాక కూడా అది ఎక్కుతూనే ఉంటుంది, డిసెంబర్‌కి 335 చూపిస్తుంది, చలిలో అన్ని నీళ్లు ఎవరు తాగుతారు చెప్పండి. పోయినేడాది లెక్క ఉంటే పెట్టండి.

తెనాలి కుర్రాడు:
అన్నా గీత మరీ పనికిరానిదేం కాదు. మన దేశ జనాభా 1991లో 84.6 కోట్లు, 2001లో 102.9 కోట్లు, ఆ రెంటినీ కలిపి గీత లాగితే 2011కి 121 కోట్లు వస్తుంది, సెన్సస్‌లో తేలింది కూడా 121 కోట్లే. అదే 1951లో 36.1, 1961లో 43.9 పట్టుకుని 2011 దాకా లాగితే 83 కోట్ల దగ్గరే ఆగిపోతుంది. దగ్గర్లో అడుగేస్తే పర్లేదు, దూరం పోయేకొద్దీ దెబ్బ.

గుంటూరు వాటర్‌ప్లాంట్:
పాత పుస్తకం తీశా మేష్టారూ. పోయినేడాది ఏప్రిల్ 148, మే 166, ఆగస్టు 104. ఇంకోటి చెప్పడం మర్చిపోయా, ఈ మార్చిలో కొత్తగా ఒక హాస్టల్ తగిలింది, రోజుకి 15 క్యాన్లు. ఈ నెలాఖరుకి పిల్లలు ఊళ్లకి పోతున్నారు.

బెజవాడ లెక్కల మేష్టారు:
అసలు సంగతి అదేనండీ! ఆ 15 మార్చి, ఏప్రిల్ రెంట్లోంచీ తీసేయండి, 110, 128, 136, 156 అవుతాయి, స్లోప్ 20.6 నుంచి 14.6కి పడిపోతుంది, మేకి 169. పోయినేడాది ఏప్రిల్ నుంచి మేకి ఎంత పెరిగిందో అదే నిష్పత్తిలో 156ని పెంచితే 175. ఆగస్టుకి అదే పద్ధతిలో 110 దగ్గర, హాస్టల్ మళ్లీ తెరిస్తే 125. 253 మాత్రం కానే కాదు. ఒక్క ఏడాది పుస్తకమే కాబట్టి పది అటూఇటూ ఉంటుంది, మీ దగ్గర అంతకుముందువి ఉంటే అవీ కలపండి.

గుంటూరు వాటర్‌ప్లాంట్:
అంటే మేలో కూడా ఇప్పుడు తిరుగుతున్న క్యాన్లే సరిపోతాయి. తమ్ముడికి ఈ పోస్ట్ చూపించా, ఆర్డర్ ఆపేశాం. రెండేళ్ల కిందటి పుస్తకం అటక మీద ఉంది, దింపాక అంకెలు పెడతా.