ఇంజనీర్డ్ స్టోన్: నిషేధించాలా, తడి కోతతో సరిపెట్టాలా?

పరిశ్రమ_పరిశీలన:
వంటింటి ప్లాట్‌ఫాంలకు వాడే కృత్రిమ క్వార్ట్జ్ పలకల (ఇంజనీర్డ్ స్టోన్) మీద రెండు చోట్ల రెండు దారులు పట్టారు. ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి వీటి తయారీ, సరఫరా, కోత, బిగింపు నిషేధించింది. 2025 జనవరి 1 నుంచి దిగుమతి కూడా ఆపేసింది. కాలిఫోర్నియా నిషేధం జోలికి పోలేదు. 2023 డిసెంబరులో తెచ్చిన అత్యవసర నిబంధనతో పొడి కోత ఆపించి, నీళ్లతోనే కోయాలంది, మోటారుతో గాలి అందించే మాస్కు తప్పనిసరి చేసింది. నా ఓటు రెండో దారికే. నీళ్లు, దుమ్ము లాగే హుడ్, మంచి మాస్కు మూడూ ఉంటే సిలికోసిస్‌ను, అంటే సిలికా దుమ్ము పీల్చడం వల్ల ఊపిరితిత్తులకు మచ్చలు పడే జబ్బును, ఆపవచ్చు. గ్రానైట్‌కు లేని నిషేధం దీనికి మాత్రం ఎందుకు?

ధూళి_కొలత:
గ్రానైట్‌తో పోలిక కుదరదండీ. గ్రానైట్‌లో స్ఫటిక సిలికా (క్వార్ట్జ్ లాంటి ఖనిజం) సుమారు 25 నుంచి 45 శాతం. ఈ పలకల్లో 90 శాతం దాటే రకాలు మామూలు. మెత్తటి క్వార్ట్జ్ పొడిని రెసిన్‌తో కలిపి గట్టిపరుస్తారు కాబట్టి బ్లేడు తగలగానే ఊపిరితిత్తుల లోతుకు చేరేంత సన్నని రేణువులు లేస్తాయి. అప్పుడే పగిలిన రేణువులు కావడం వల్ల వాటి రసాయన చర్యాశీలత కూడా ఎక్కువ.

"అదుపు చేయవచ్చు" అన్న మాటను కొలతలో చూద్దాం. అమెరికాలో పని చోట్ల భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ ఓషా 2016లో గాలిలో సిలికాకు పెట్టిన పరిమితి 8 గంటల సగటున ఘనమీటరుకు 0.05 మిల్లీగ్రాములు. ఆస్ట్రేలియాలోనూ అంతే, బ్రిటన్‌లో 0.1. చేతి గ్రైండర్‌కు నీళ్లు పెడితే దుమ్ము బాగా తగ్గుతుంది, హుడ్ కూడా కలిపితే ఇంకా తగ్గుతుంది. అయినా ప్రయోగాల్లో 0.05 కంటే పైనే ఉండిపోయిన సందర్భాలున్నాయి. నీళ్ల తుంపరే రేణువులను మోస్తుంది. వాడిన నీళ్లను సరిగా తేర్చకుండా మళ్లీ తిప్పితే ఆ తుంపరలోనే సిలికా ఉంటుంది.

ఇక శాంపిలింగ్‌లో, అంటే పంపుతో గాలి లాగి ఫిల్టర్ మీద దుమ్ము పట్టి కొలవడంలో, జరిగే పొరపాటు ఒకటుంది. అల్యూమినియం సైక్లోన్ (సన్నని రేణువులను మాత్రమే ఫిల్టర్‌కు పంపే పరికరం)తో నిమిషానికి 2.5 లీటర్లు లాగితే 480 నిమిషాలకు 1.2 ఘనమీటర్లు. పరిమితి దగ్గర ఫిల్టర్ మీద పడేది 60 మైక్రోగ్రాములు, దాన్ని ల్యాబ్ తేలిగ్గా పట్టుకుంటుంది. అరగంట మాత్రమే తీస్తే వచ్చేది 75 లీటర్లు, అంటే 3.75 మైక్రోగ్రాములు. చాలా ల్యాబ్‌లు సిలికాను కొలిచే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ పద్ధతికి అది అందదు. రిపోర్టులో "కనబడలేదు" అని వస్తుంది, యజమాని దాన్ని "లేదు" అని చదువుకుంటాడు. ఎవరైనా రిపోర్టు చూపిస్తే ముందు లాగిన గాలి పరిమాణం అడగండి. పంపును పనికి ముందూ తర్వాతా క్యాలిబ్రేట్ చేశారా అన్నది ఆ తర్వాతి ప్రశ్న.

ఊపిరి_వైద్యం:
జబ్బు తీరు కూడా చూడాలి. కాలిఫోర్నియా రోగులు 52 మందిపై 2023లో జామా ఇంటర్నల్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చిన పరిశోధనలో మధ్యస్థ వయసు 45, పని చేసిన కాలం మధ్యస్థంగా 15 ఏళ్లు. వాళ్లలో 10 మంది చనిపోయారు. 58 శాతం మందిలో రోగనిర్ధారణ ఆలస్యమైంది, కొందరికి ముందు న్యుమోనియా అనో క్షయ అనో చెప్పారు. స్పెయిన్‌లో 106 మందిని పని మాన్పించాక గమనిస్తే, మొదట 7 మందికే ఉన్న పెద్ద ఫైబ్రోసిస్ (మచ్చలు కలిసి ముద్దకట్టడం) సుమారు నాలుగేళ్లకు 40 మందికి వచ్చింది. దుమ్ము ఆగినా మచ్చలు ఆగలేదు. "ముందు లక్షణాలు రానీ, అప్పుడు పని మారుద్దాం" అనే పద్ధతి ఇక్కడ పనికిరాదు.

స్క్రీనింగ్‌లో ఛాతీ ఎక్స్‌రే, స్పైరోమెట్రీ (ఊది చూసే ఊపిరి పరీక్ష) మాత్రమే నమ్ముకోవద్దు. రెండూ మామూలుగా ఉన్నవాళ్లలో సన్నని స్లైసుల సీటీలో పైభాగాల్లో చిన్న గడ్డలు కనిపించిన కేసులు ఎన్నో ఉన్నాయి. తక్కువ డోసు సీటీ అడగండి.

పరిశ్రమ_పరిశీలన:
వైద్యం మాట ఒప్పుకుంటాను. కానీ ఇవన్నీ మాస్కు సరిగా లేని చోట్ల వచ్చిన కేసులు కదా. పూర్తి ముఖం కప్పే, మోటారుతో గాలి అందించే మాస్కుకు రక్షణ గుణకం 1000, అంటే బయటి దుమ్ములో వెయ్యో వంతే లోపలికి వస్తుంది. ఇంకేం కావాలి?

మాస్కు_ఫిట్:
ఆ 1000 మీద లెక్క వేయండి. గాలిలో ఘనమీటరుకు 2 మిల్లీగ్రాముల సిలికా ఉందనుకుందాం. ఎన్95 గుణకం 10, లోపల 0.2 మిగులుతుంది, పరిమితికి నాలుగింతలు. మోటారు లేని పూర్తి ముఖం మాస్కుకు 50, కాబట్టి 0.04, అంచులో ఉన్నట్టే. మీరన్న 1000 రకంలో 0.002. బాగానే ఉంది, కానీ ఎనిమిది గంటల్లో 12 నిమిషాలు ఆ గాలిలో మాస్కు తీసేస్తే చాలు, ఒక్క ఆ వ్యవధితోనే సగటు 0.05 అవుతుంది. నీళ్లు తాగడానికి, ఫోన్ మాట్లాడడానికి, కొలత గీత కనబడక అద్దం తుడవడానికి 12 నిమిషాలు ఇట్టే పోతాయి. గడ్డం ఉంటే సీల్ కూర్చోదు. బ్యాటరీ దిగితే గాలి ప్రవాహం పడిపోతుంది. మాస్కు ఆఖరి అడ్డుకట్ట, దాని మీదే విధానం కట్టకూడదు.

ధూళి_కొలత:
తక్కువ సిలికా పలకల మాట రాకముందే చెబుతాను. 40 శాతం లోపు రకాలను అనుమతించాలన్న ప్రతిపాదనను అక్కడి పని భద్రతా సంస్థ సేఫ్ వర్క్ ఆస్ట్రేలియా పరిశీలించి తోసిపుచ్చింది, ఆ అంకె దగ్గర పని సురక్షితమవుతుందని చూపే ఆధారం లేక. నిషేధంలో సిలికా గీత 1 శాతం దగ్గర గీశారు. పింగాణీ, సింటర్డ్ (వేడితో గట్టిపరిచిన) పలకలు మాత్రం దాని బయటే ఉన్నాయి.

పరిశ్రమ_పరిశీలన:
అదే నా బాధ. సాండ్‌స్టోన్‌లో (ఇసుకరాయిలో) సిలికా 70 శాతం దాటుతుంది, దాన్ని కోసేవాళ్ల సంగతేంటి? నిషేధం పేరుతో అందరి దృష్టీ ఒక్క పలక మీదికి పోతే వాళ్లను చూసేవాళ్లుండరు.

మాస్కు_ఫిట్:
న్యాయమైన ప్రశ్న. దేశం నిషేధించినా లేకున్నా, ఏ రాయికైనా ముందు చేయాల్సింది సైట్‌లో కోత ఆపడం. బిగించే చోట సింక్ రంధ్రం పెంచడం, అంచు సరిచేయడం తయారైన ఇంట్లో నీళ్లు పోయలేక పొడిగా జరిగిపోతుంది. అక్కడ హుడ్ ఉండదు, కొలత ఉండదు, ఇన్‌స్పెక్టర్ రాడు. కొలతలు టెంప్లేట్‌పై తీసుకుని, రంధ్రాలన్నీ షాపులో నీళ్ల కింద మెషీన్‌తో కోయించి పంపాలి. షాపులో నేలమీది బురద ఎండకముందే తడి వాక్యూమ్‌తో లాగాలి. చీపురు, కంప్రెసర్ గాలి వాడనివ్వకూడదు, బట్టలు దులపడానికైనా సరే. ఎండిన బురద మళ్లీ లేస్తే కోత ఆగిన గంటకు కూడా శాంపిలర్‌లో సిలికా కనిపిస్తుంది.