4, 5, 9 సెం.మీ. భుజాలతో త్రిభుజం గీయలేమంటారు, మరి గీస్తే వస్తోందే?

ప్రశ్న (ఏడో తరగతి): భుజాలు 4, 5, 9 సెం.మీ. అయితే త్రిభుజం ఏర్పడదని జవాబుల్లో ఉంది. వృత్తలేఖినితో గీస్తే మాత్రం చాపాలు భూమికి (కింద గీసిన 9 సెం.మీ. భుజానికి) కాస్త పైన ఖండించుకుని పల్చటి త్రిభుజం ఒకటి వస్తోంది. తేడా ఎక్కడ? ఇంకొకటి, కోణమానిని లేకుండా భుజాల కొలతలు చూసే అది అల్పకోణమో అధికకోణమో చెప్పొచ్చా? 4, 5, 7 చూడ్డానికి అల్పకోణంలాగే ఉంది.

జవాబు 1: తేడా పెన్సిలుదేనండీ. 4+5 సరిగ్గా 9 కాబట్టి రెండు చాపాలూ భూమి మీదే ఒక్క బిందువు దగ్గర తాకాలి. మూడు శీర్షాలూ ఒకే గీత మీద పడ్డాక ఇక త్రిభుజం ఎక్కడిది? అయితే ఈ కొలతల్లో ఇసుమంత పొరపాటు కూడా దాగదు. వృత్తలేఖిని రెండుసార్లూ అర మిల్లీమీటరు ఎక్కువ తెరుచుకుందనుకోండి, అంటే 4.05, 5.05. పై శీర్షం ఏకంగా 6.7 మి.మీ. దాకా లేస్తుంది! మొద్దుబారిన ములుకు, వదులైన మర ఉంటే చాలు.

అందుకే గీసే ముందే లెక్క చూసుకోవాలి. అతి పెద్ద భుజం మిగతా రెండింటి మొత్తం కంటే తక్కువ ఉండాలి, సమానమైనా పనికిరాదు. ఈ ఒక్కటీ సరిపోతే మిగతా జతలు కూడి చూడక్కర్లేదు.

జవాబు 2: రెండోదానికి: చెప్పొచ్చు. అతి పెద్ద భుజం వర్గాన్ని మిగతా రెంటి వర్గాల మొత్తంతో పోల్చండి. 4, 5, 7 లో 16+25=41, అటు 49. పెద్ద భుజం వర్గమే ఎక్కువ కాబట్టి అధికకోణ త్రిభుజం. ఆ కోణం 101 డిగ్రీల పైచిలుకు. కంటికి 90 లాగే ఉంటుంది, అందుకే మోసపోతాం. 5, 6, 7 లో 61, 49 కంటే ఎక్కువ, కాబట్టి అల్పకోణం. సమానమైతే లంబకోణం. మేస్త్రీలు గోడ మూల మట్టం చూడ్డానికి 3, 4, 5 అడుగులు కొలిచేది ఇందుకే.

పిల్లలు ఎక్కువగా తప్పేది అతి పెద్ద భుజానికి బదులు వేరే భుజం వర్గాన్ని, 4, 5, 7 లో 5 వర్గాన్ని, పోల్చి. 16+49 ఎలాగూ 25 కంటే ఎక్కువే, అలా పోలిస్తే ప్రతీదీ అల్పకోణమైపోతుంది.

జవాబు 1 (మళ్ళీ): పై జవాబుకి ఒక చేర్పు. వర్గాల పరీక్షకి త్రిభుజం ఉందో లేదో తెలియదు. 3, 4, 8 ఇస్తే 25, 64 చూసి అధికకోణం అనేస్తుంది! ముందు కూడిక, తర్వాతే వర్గాలు.

ప్రశ్న అడిగినవారు: అర్థమైందండీ. మరి సమద్విబాహు త్రిభుజంలో రెండు భుజాలు 4, 9 అయితే చుట్టుకొలత 17, 22 రెండూ రాయాలా?

జవాబు 2: 22 ఒక్కటే. 17 రావాలంటే 4, 4, 9 కావాలి; 4+4=8, తొమ్మిదికి చాలదు.