అప్‌డేట్: చరిత్రలో పీహెచ్‌డీ తర్వాత ఉద్యోగం ఉంటుందా అని అడిగాను కదా

ముప్పై దాటాక చరిత్రలో పీహెచ్‌డీకి వెళ్తే తర్వాత బతుకుతెరువు ఏంటని పోయినేడాది ఇక్కడ అడిగింది నేనే. సీటొచ్చింది, స్టైపెండ్‌తో సహా. అందరికీ థాంక్స్.

బాగా పనికొచ్చిన సలహా: 'గైడ్ దగ్గర పీహెచ్‌డీ పూర్తిచేసినవాళ్లు ఇప్పుడెక్కడున్నారో ముందే అడుగు.' మొహమాటపడుతూనే అడిగితే, మా గైడ్ మేడమ్ ఓ కవరు వెనక రాసిచ్చారు. ముగ్గురే లెక్చరర్లు, మిగతావాళ్లు ఆర్కైవ్స్‌లో (పాత రికార్డులు భద్రపరిచే చోట), మ్యూజియంలో, పుస్తకాల ఎడిటింగ్‌లో ఉన్నారు. అందుకే చదువుతో పాటు పాత రికార్డుల కేటలాగింగ్ కూడా నేర్చుకుంటున్నా.

వయసు గురించి పడ్డ టెన్షనంతా దండగ, ఎవరూ అడగనేలేదు. ఇంటర్వ్యూలో మాత్రం చేతిరాత దస్తావేజు జిరాక్స్ ఒకటి ముందు పెట్టి చదవమన్నారు, నాలుగో లైన్‌లో ఆగిపోయాను. అప్లై చేసేవాళ్లు ముందు మీ పరిశోధనకు కావాల్సిన పాత పత్రాలున్న భాష, లిపి నేర్చుకోండి.